మూత వేశాక మూగబోయిన కాయిల్

ఆ కాలంలో నాకు తెలియని సంగతంటూ ఉండేది కాదు. (తెలియనివన్నీ ఈ మధ్యే ఒక్కొక్కటిగా వచ్చి చేరుతున్నాయి.) ఎనిమిదో తరగతి నన్ను రెండేళ్లు భరించింది, మూడో ఏడు దాన్ని ఇబ్బంది పెట్టడం ఇష్టంలేక నేనే మర్యాదగా తప్పుకుని, పోర్ట్ బ్లెయిర్‌కి ఎదురొడ్డున ఉన్న బాంబూఫ్లాట్ జెట్టీ దగ్గర, డింగీలనే చిన్న వేటపడవల వైర్‌లెస్ సెట్లు బాగుచేసే ఉస్తాద్ కొట్లో చేరాను. ఏరియల్‌కీ సెట్టుకీ మధ్య, కావలసిన మాటను ఏరి పట్టే ఒక రాగితీగ చుట్ట ఉంటుంది, దాన్నే మేం కాయిల్ అంటాం. ఉస్తాద్ చుట్టే కాయిల్ సన్నతీగతో, చిన్నగా, చూడ్డానికి బీదగా ఉండేది. నాకు చిన్నతనంగా అనిపించేది.

మా మావయ్య డింగీలో కాయిల్ పోయింది. ఆ రోజు ఉస్తాద్ ఫెర్రీ ఎక్కి పోర్ట్ బ్లెయిర్ వెళ్లాడు. ఇంకేం, పాత మోటారులోని లావు తీగ తీసి, తళతళలాడేలా తోమి, సెట్టు పెట్టె నిండా పట్టేంత కాయిల్ చుట్టాను. సుతారంగా ట్యూన్ చేస్తే ఒడ్డు స్టేషన్ గొంతు గుడిమైకులా మోగింది. "సూడు మావా, ఇదీ కాయిలంటే!" అన్నాను. మావయ్య మురిసిపోయాడు. ఉప్పుగాలి తగలకుండా రేకుమూత వేసి, చుట్టూ ఎంసీల్ అనే గట్టిపడే ముద్ద పూసేయడం మా దగ్గర ఆచారం. పూశాను. పూశాక మళ్లీ వినాలని మాత్రం తోచలేదు.

మర్నాడు మధ్యాహ్నం గాలి తిరిగింది. ఒడ్డు స్టేషన్ వైర్‌లెస్‌లో అందరినీ వెనక్కి పిలిచింది. డింగీలన్నీ వచ్చాయి, మావయ్యది తప్ప. ఉస్తాద్ ఫోన్ చేసి అడిగితే, స్టేషన్‌వాళ్లు ఆ డింగీ పేరే పదేపదే పిలుస్తున్నామన్నారు. జవాబు లేదు. అత్త జెట్టీ చివర నిలబడి, నా వైపు తిరగకుండానే అడిగింది. "సెట్టు నువ్వే సేసినావు గదా, నానా?" నేను వెళ్లి ఉస్తాద్ వెనక నిలబడ్డాను.

పొద్దువాలే వేళకి, నీళ్ల రంగు చూసి తనంతట తానే తిరిగొచ్చాడు మావయ్య, తడిసి ముద్దయి. "మీ అత్త ఇరవై ఏళ్లలో ఒక్కరోజు కూడా నీ సెట్టంత మౌనంగా లేదురా," అంటూ సెట్టు చేతికిచ్చాడు. ఉస్తాద్ దానికి బ్యాటరీ, ఏరియల్ తగిలించి, ఉలితో ఎంసీల్ పగలగొట్టి మూత ఎత్తాడు. ఎత్తీ ఎత్తగానే ఒక అలసిన గొంతు, హిందీలో, మావయ్య డింగీనే పిలుస్తోంది: "జవాబ్ దో, భాయ్... జవాబ్ దో." మావయ్య మైకు అందుకుని, "వచ్చేశాం సాబ్," అన్నాడు. అత్త అప్పుడు కూలబడి ఏడ్చింది.

"క్యా కియా రే, ఏం చేసినావు నువ్వు?" అన్నాడు ఉస్తాద్ మెల్లగా. "కాయిల్ ఎంత మేలైనదైతే దాని ట్యూనింగ్ అంత ఇరుకు, ఒక్కచోటే పలుకుతాది. వెంట్రుకవాసి జరిగితే ఏదీ వినబడదు. పైగా ఇంత పెద్దదానికి ఆనేంత దగ్గరగా రేకు పెట్టినావు. రేకు దగ్గరికొస్తే ట్యూనింగ్ జరిగిపోదా? నా సన్నతీగ కాయిల్ అంత గట్టిగా పలకదు, నిజమే. ఎండలో, కుదుపులో కొంచెం అటూయిటూ అయినా మాట పట్టుకుంటాది."

ఇప్పుడు ఆ కొట్టు నాది. నేను చుట్టే బీద కాయిళ్లను చూస్తే నాలోని ఆనాటి కుర్రాడు పడీపడీ నవ్వుతాడు. నవ్వుకోనీ, పాపం. కొత్త సెట్టుతో వెళ్లిన డింగీ సముద్రం మీంచి మొదటిసారి పలికేదాకా నా టీ అలాగే చల్లారుతూ ఉంటుంది. ఆ సంగతి వాడికింకా తెలియదు.