ఇంకా తొడగని రింగు

దయ్యాలూ భూతాలూ నేను నమ్మను. అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. జువాలజీలో ఎమ్మెస్సీ చేసినదాన్ని. ఆ రోజుల్లో నన్ను నిజంగా భయపెట్టగలిగింది వీసా స్టాంపింగ్ ఒక్కటే. కాబట్టి దీన్ని దయ్యం కథ అనుకోకండి. నా చేత్తో పట్టుకున్న ఒక పిట్ట సంగతి ఇది.

2008లో మేం అమెరికాలోని సన్నీవేల్‌లో ఉండేవాళ్లం. మా ఆయన సురేష్ ఆఫీసుకి వెళ్లేవాడు, నేను హెచ్‌ఫోర్ అనే డిపెండెంట్ వీసా మీద ఇంట్లో ఉండేదాన్ని. ఉద్యోగం చేయకూడదు, వాలంటీర్‌గా మాత్రం చేయొచ్చు. అందుకని వారానికి రెండు రోజులు చీకటితో లేచి, గంటన్నర డ్రైవ్ చేసుకుని, సముద్రం ఒడ్డునున్న పక్షుల అధ్యయన కేంద్రానికి వెళ్లేదాన్ని. "ఏంటి, పిట్టలకి రేషన్ కార్డులిచ్చి వస్తావా?" అని సురేష్ ఆటపట్టించేవాడు. ఒక రకంగా మా పని అదే.

పొదల మధ్య సన్నటి వలలు కడతాం. అరగంటకోసారి తిరిగి చూసి, చిక్కిన పిట్టని జాగ్రత్తగా విడదీసి, గుడ్డసంచిలో వేసి గదికి తెస్తాం. కాలికి నంబరున్న అల్యూమినియం రింగు తొడిగి, రెక్క కొలిచి, తూచి, వదిలేస్తాం. రింగులు వందేసి చొప్పున ఒక తీగకి వరసగా గుచ్చి వస్తాయి. ఆ వరస తప్పకూడదు. ముందే రింగున్న పిట్ట దొరికితే ఆ నంబరు లాగ్‌బుక్‌లో రాసి, చదివినవాళ్లెవరో పక్క గడిలో పొడి అక్షరాలు వేయాలి.

నాకు ఈ పనంతా నేర్పింది లిండా. డెబ్బై నాలుగేళ్ల రిటైర్డ్ స్కూల్ టీచర్. భర్త పోయినప్పటినుంచీ ఆవిడకి ఆ గదే లోకం. "చూసింది రాయి. ఉండాల్సింది రాయకు," అని రోజుకి పదిసార్లు అనేది. నాకు ఆవిడంటే ప్రాణం. ఈ మాట ముందే చెప్పుకోవాలి.

ఆ అక్టోబర్‌లో ఒక పొద్దున పొగమంచు దట్టంగా ఉంది. చివరి వలలో హెర్మిట్ థ్రష్ అనే పిట్ట ఒకటి పడింది. గోధుమరంగు ఒళ్లు, రొమ్ము మీద చుక్కలు. మామూలుగా వలలో పిట్టలు గింజుకుంటాయి, పొడుస్తాయి. ఇది అలా చేయలేదు. నేను విడదీస్తున్నంతసేపూ నన్నే చూస్తూ ఊరుకుంది. సంచిలో వేసి గదిలో కొక్కేనికి తగిలించాను. అప్పటిదాకా పక్క సంచుల్లో కొట్టుకుంటున్న పిట్టలన్నీ ఒక్కసారిగా సద్దుమణిగాయి.

దాని కాలికి రింగుంది. బాగా అరిగిపోయి, అంచులు పల్చబడి, ఏళ్లతరబడి తిరిగిన రింగులా ఉంది. భూతద్దం పెట్టి నంబరు చదివాను. చివరి మూడంకెలు 700. లిండా కూడా చదివింది. అదే నంబరు. ఆవిడ పెట్టె తెరిచి ఆ సైజు రింగుల తీగ బయటికి తీసింది. ఆ ఏడాదే వచ్చిన కొత్త తీగ అది. 641 దాకే వాడాం. చివర్న అదే నంబరు, 700, తళతళలాడుతూ అలాగే ఉంది.

లిండా మొహం పాలిపోయింది. అయినా "చూసింది రాయి," అంది. రాశాను. ఎడమ కాలికి వెనక గోరు లేదని కూడా రాశాను. చదివిందెవరో రాయాల్సిన గడి మాత్రం ఖాళీగా వదిలేశాను. ఎందుకో చెయ్యి ఆడలేదు.

బయటికి తీసుకెళ్లి అరచెయ్యి తెరిస్తే పిట్ట ఎగరలేదు. చాలాసేపు అలాగే కూర్చుంది. తర్వాత పొదల్లోకి కాకుండా, నేరుగా సముద్రం మీదికి, ఆ పొగమంచులోకి వెళ్లిపోయింది. పొదల్లో బతికే పిట్ట అటు వెళ్లడం నేను అంతకు ముందు చూడలేదు.

రెండు రోజుల తర్వాత మా మేనేజర్ డేవ్ పుస్తకం పట్టుకుని వచ్చాడు. "ఇంకా తొడగని రింగు పిట్ట కాలికి ఎలా వస్తుంది? ఈ నంబరు ఎవరు చదివారు?" అని అడిగాడు. అప్పటికి నన్ను సొంతంగా రింగులు తొడగనివ్వాలా వద్దా అని ఆయన ఆలోచిస్తున్నాడు. ఆ దేశంలో నాదంటూ ఉన్న పని అదొక్కటే.

"లిండా చదివింది, నేను రాశాను," అన్నాను. డేవ్ పెన్ను ఇస్తే, ఖాళీ గడిలో ఆవిడ పొడి అక్షరాలు నేనే వేశాను.

లిండా అక్కడే ఉంది. నా వైపు ఒక్కసారి చూసి, తన కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. ఆవిడ కంటిచూపు మీద కేంద్రంలో అంతకు ముందే గుసగుసలున్నాయి. వారం తిరక్కుండా ఆవిణ్ణి రింగుల బల్ల దగ్గర్నుంచి తప్పించారు. నెలాఖరుకి ఆవిడ రావడమే మానేసింది. నాకు మాత్రం పర్మిషన్ వచ్చింది. సిగ్గేసింది, కానీ నోరు విప్పలేదు.

ఆ సైజు రింగులు మాకు ఎక్కువ పట్టవు. తీగ మరుసటి అక్టోబర్ దాకా వచ్చింది. 700 వంతు వచ్చేసరికి బల్ల దగ్గర నేనే ఉన్నాను. ఆ రోజూ పొగమంచే. సంచిలోంచి తీస్తే హెర్మిట్ థ్రష్. రెక్క ఈకల చివర్లలో లేత రంగు మచ్చలున్నాయి. అంటే ఆ వేసవిలోనే పుట్టిన పిల్ల. ఏమీ ఆలోచించకుండా రింగు తొడిగి శ్రావణంతో నొక్కేశాను. తర్వాతే ఎడమ కాలు చూశాను. వెనక గోరు లేదు. అది కూడా గింజుకోకుండా నన్నే చూస్తోంది.

వదిలితే సముద్రం మీదికే వెళ్లింది.

వెంటనే లిండాకి ఫోన్ చేసి అంతా చెప్పాను.

"ఈ రోజుది రాశావా?" అని అడిగింది.

"రాశాను."

"మరి కిందటేడాది ఆ గడిలో ఎవరి పేరుంది?"

నేను బదులు చెప్పకముందే ఫోన్ పెట్టేసింది.

పాత పుస్తకం తీసి, ఆవిడ పొడి అక్షరాలు కొట్టేసి, పైన నావి వేశాను. డేవ్‌కి జరిగింది చెప్పుకున్నాను. ఫ్యాక్టరీలో ఒకే నంబరుతో రెండు రింగులు తయారై ఉంటాయన్నాడు. కావచ్చు. మరి ఆ గోరు? ఆ అరుగుదల? డేవ్ స్వయంగా వెళ్లి పిలిచినా లిండా మళ్లీ రాలేదు.

అప్పటికింకా పుట్టని పిట్ట అరిగిన రింగుతో నా చేతిలోకి ఎలా వచ్చిందో నాకు ఈ రోజుకీ అంతుపట్టలేదు. నేను ఇంకా ఆ గదికి వెళ్తూనే ఉన్నాను. ప్రతి అక్టోబర్‌లోనూ, థ్రష్ చేతిలో పడగానే ముందు దాని ఎడమ కాలు చూస్తాను. అది మళ్లీ వస్తే చదివింది నేనేనని రాయాలి.