వలయం బయట మెర్విన్

హ్యూఆన్ నది మీద పొగమంచు లేచే సాయంత్రాల్లో మెర్విన్ ట్రెలోర్ తోటలో చెట్లు కనిపించవు, ఆపిళ్ల వాసన మాత్రం కనిపిస్తుంది. అలా అనేది అతని భార్య ఓడ్రీ. వాసన కనిపించడమేమిటని అతను ఎన్నోసార్లు ఆమెతో వాదించాడు. ఆమె పోయాక, మంచులో ఒక్కడూ నడుస్తుంటే, ఆ మాట నిజమేనేమో అనిపిస్తోంది.

మెర్విన్ టాస్మేనియాలోనే పుట్టాడు, ఆ తోటలోనే పెరిగాడు. తండ్రి మెథడిస్టు చర్చిలో ప్రసంగాలు చేసేవాడు. కుర్రతనంలో ఒక ఆదివారం, అందరితో పాటు లేచి నిలబడి ‘నమ్ముతున్నాను’ అని చదవాల్సి వచ్చినప్పుడు మెర్విన్ నోరు తెరవలేదు. దేవుడు లేడని కాదు. ఉన్నాడో లేడో తనకు తెలియదు, తెలియనిదాన్ని తెలుసని ఎలా అనడం? ఆ ఏడు కాయకోతలైపోయేదాకా తండ్రి అతనితో మాట్లాడలేదు. ఒకే చెట్టుకు చెరోవైపు నిచ్చెన వేసుకుని, ఒకే బుట్టలోకి కాయలు కోస్తూ కూడా మాట్లాడలేదు. అప్పటినుంచి మెర్విన్ ప్రతి మాటనూ ముందు పళ్ల మధ్య నలిపి చూసుకుని గానీ బయటికి వదలడు. పెళ్లి భోజనం ఎలా ఉందని అడిగితే నిజం చెప్పే మనిషి. అందుకని అతన్ని ఎవరూ అడగరు.

అలాంటివాడు పాత దేవతలను కొలిచే ఒక పేగన్ పిల్లను ఇష్టపడి చేసుకున్నాడు. ఓడ్రీ ఇంగ్లండులోని కార్న్‌వాల్ నుంచి వచ్చింది. నేలకు ప్రాణముందనీ, దేవతలు ఒక్కరు కారనీ, పోయినవాళ్లు మరీ అంత దూరం పోరనీ ఆమె లెక్క. వచ్చిన కొత్తలో పుట్టింటి అలవాటు కొద్దీ అక్కడి వసంతం ఇక్కడ ఆకు రాలే కాలమని మరిచి మే నెల మొదట్లో పూల పండగ చేసి, తలమీద ఎండుటాకులు రాలుతుంటే తనే పకపకా నవ్విందట. ఆ మర్నాడే ఏడాది పండగలన్నిటినీ తిరగేసి, ఇక్కడి చెట్లు చెప్పిన వరసలో పెట్టుకుంది. మెల్లగా ఆమె చుట్టూ మనుషులు చేరారు. తోట కింద, నది వైపు పచ్చికలో వలయంగా నిలబడేవారు.

మెర్విన్ వలయం బయట, ట్రక్కు తొట్టి మీద కూర్చుని టీకి నీళ్లు కాచేవాడు.

“లోపలికి రారాదూ?” అనేది ఓడ్రీ.

“నేనూ లోపలుంటే మీకు టీ ఎవరు పోస్తారు?”

అక్కణ్ణించి చూడటం అతనికి ఇష్టం. మంచులో మనుషులు నీడలయ్యేవారు, నీడలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయేవి. పాట నీళ్లలోంచి వస్తున్నట్టు వినిపించేది. ఆ వలయం నడుమ ఏదో ఉందనీ, అది వాళ్లకు కనిపిస్తోందనీ అతను అనుకునేవాడు. తనకు కనిపించకపోయినా పరవాలేదు, ఆమెకు కనిపిస్తే చాలు.

పోయిన వసంతంలో, తోటంతా పూతమీద ఉండగా, ఓడ్రీ కన్నుమూసింది. ఇప్పుడు ఏప్రిల్ చివరికొచ్చింది. ఆకు రాలే కాలపు పండగ సౌవిన్ ఈ సాయంత్రమే. ఆ ఏడు పోయినవాళ్లను వలయంలో నిలబడి పేరుపెట్టి పిలిచే రోజు.

మధ్యాహ్నం బ్రాన్విన్ వచ్చింది. బడి బస్సు నడిపే మనిషి. ఓడ్రీ తర్వాత వలయం వాకిలి కాసే పని ఆమెదైంది.

“ఓడ్రీని మమ్మల్ని పిలవమంటావా, నువ్వే పిలుస్తావా?”

“నేనే పిలుస్తా.”

“అయితే లోపలికి రావాలి మరి.”

“తెలుసులే.”

తెలుసు గనకే పొద్దుటినుంచీ అతనికి ఆ వాకిలి గురించే ఆలోచన. వాకిలి దగ్గర కాపలా మనిషి అడుగుతుంది, “ఎలా వస్తున్నావు?” అని. “నిండు మనసుతో, భయం లేకుండా” అని బదులు చెప్పి లోపలికి రావాలి. ఆ మాటలు ఓడ్రీయే కూర్చింది.

పచ్చిక పక్కన, పండగ తర్వాతి చలిమంటకు కట్టెలు పేరుస్తుంటే మెర్విన్ ఉండబట్టలేక అడిగేశాడు.

“అసలు మీరంతా నమ్మేదేమిటో ఒక్కళ్లయినా చెప్పండర్రా.”

“నాకు ఉరుముల దేవుడు,” అన్నాడు డూగల్. వంటచెరకు అమ్ముకునే భారీ మనిషి, మెళ్లో ఆ దేవుడి గుర్తుగా వెండి సుత్తి వేలాడుతుంటుంది. “మా తాతల తాతలు మొక్కినవాడు.”

“మీ తాత చర్చిలో గంట కొట్టేవాడు కదయ్యా!” అంది బ్రాన్విన్.

“తాతల తాతలన్నాను. ఆ బస్సు హోరుకి నీ చెవులు పోయినట్టున్నాయి.”

“నాకు మాత్రం తల్లి ఒక్కతే,” అంది బ్రాన్విన్ అతన్ని పట్టించుకోకుండా. “ఈ నేలా ఆమే, చంద్రుడూ ఆమే, ఆ నదీ ఆమే.”

చెట్ల చదువు చదువుకుంటున్న టెస్ కట్టె మీది నాచును వేలితో నిమురుతోంది. “నాకు దేవుళ్లెవరూ లేరు తాతా. ఇదిగో, ఇదే. దీనికి మొక్కడానికి దీని వెనకాల ఇంకెవరో ఉండక్కర్లేదు.”

“మరి మీరు ముగ్గురూ ఒక జట్టెలా అయ్యారు?”



“ఒకే చోట చలికి వణుకుతాం గదా,” అన్నాడు డూగల్.

బ్రాన్విన్ కట్టె కింద పెట్టింది. “కాలం మారినప్పుడల్లా కలిసి నిలబడతాం. పోయినవాళ్లను మర్చిపోం. ఈ నేల మన సొత్తు కాదు, మనమే దీనివాళ్లం అనుకుంటాం. ఇక ఎవరి దేవుడు వాళ్లింట్లో. ఏం నమ్ముతావని మేం ఎవర్నీ అడగం మెర్విన్.”

“ఎలా వస్తున్నావని అడుగుతారుగా.”

“అడుగుతాం.”

“నా గొడవంతా అదే.”

అంతకుమించి చెప్పలేకపోయాడు. బయట ఉన్నన్నాళ్లూ, లోపల ఏదో ఉందనుకోవచ్చు. ఇప్పుడు ఓడ్రీ కూడా ఆ నడుమనే ఎక్కడో ఉందనుకోవచ్చు. లోపలికి వెళ్లి పిలిచాక అక్కడేమీ లేకపోతే? అప్పుడిక ఆమె ఎక్కడా లేనట్టే. భయం లేకుండా అని ఎలా అంటాడు?

పొద్దు వాలింది. మంచు నది దాటి పచ్చిక మీదికి పాకింది. వంచి కట్టిన రెండు కొమ్మలే వాకిలి, అడ్డంగా పెట్టిన మరో కొమ్మే తలుపు. ఒక్కొక్కరే బదులు చెప్పి లోపలికి వెళ్లారు. చివరికి మెర్విన్ మిగిలాడు.

“ఎలా వస్తున్నావు?” అంది బ్రాన్విన్.

అతను తడి గడ్డి మీద బూట్లు అటూ ఇటూ కదిపాడు.

“అనెయ్యి మెర్విన్,” అంది ఆమె గొంతు తగ్గించి. “మాటవరసకే.”

“మాటవరసకు నేనెప్పుడైనా ఏమైనా అన్నానా?” గుక్క తిప్పుకున్నాడు. “సగం మనసుతో వస్తున్నాను. భయపడుతూ వస్తున్నాను.”

ఆ వాకిట్లో ఇంతవరకూ ఎవరూ వేరే బదులు చెప్పలేదు. బ్రాన్విన్ కొమ్మను పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఓడ్రీ పోయి ఏడాదైనా తిరక్కుండా ఆమె కూర్చిన మాటలను మార్చనివ్వడానికి మనసు రాలేదు.

లోపలినుంచి డూగల్ గొంతు వినిపించింది. “రానివ్వమ్మా. మా అమ్మ పోయిన ఏడు నేను భయం లేకుండా అన్నాను, మోకాళ్లు టకటకా కొట్టుకుంటుంటే. నువ్వు మొహమే చూశావు, మోకాళ్లు చూడలా.”

“ఓడ్రీ నన్ను చంపేస్తుంది,” అంది బ్రాన్విన్.

“ఇప్పుడామెకంత వీలుపడదులే,” అన్నాడు మెర్విన్.

బ్రాన్విన్ ఫక్కున నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుని కొమ్మ ఎత్తింది. అతను తల వంచి లోపలికి అడుగుపెట్టాడు.

నడుమ ఒక లాంతరు, చెక్కపళ్లెంలో ఆపిళ్లు, తొక్కి తొక్కి నలిగిన గడ్డి. అంతే. మెర్విన్ చుట్టూ చూశాడు. ఇన్నేళ్లూ ట్రక్కు మీదినుంచి తాను చూసిందేదీ ఇక్కడ లేదు. ఈలోగా పేర్లు మొదలయ్యాయి. డూగల్ తన బాబాయిని పిలిచాడు. టెస్ తన ముసలి కుక్కను పిలిచింది. ఎవరూ నవ్వలేదు. వరస మెర్విన్ దగ్గరికొచ్చి ఆగింది.

ఓడ్రీ అన్న పేరు అతని నోటికి రాలేదు. ఆ పేరుతో అతను ఆమెను ఎన్నడూ పిలవలేదు. తల పైకెత్తి, భోజనం వేళ తోట చివరినుంచి ఇంటికేసి రోజూ కేకేసినట్టు, గొంతు సాగదీసి పిలిచాడు.

“ఓడీ... ఓ...!”

కేక మంచులో పడి నది దాటి వెళ్లింది. కాసేపటికి అవతలినుంచి, సన్నగా, మెత్తగా తిరిగొచ్చింది. ఓడీ... ఓ...

బ్రాన్విన్ కళ్లు మూసుకుంది.

“వచ్చేసింది,” అన్నాడు డూగల్ గుసగుసగా.

“అది అవతలి కొండ పలకడం డూగల్,” అన్నాడు మెర్విన్. “రోజూ ముందు పలికేది అదే. మా ఆవిడ ఎప్పుడు మొదటి కేకకు పలికింది గనక?”

రెండు చేతులూ నోటికి దొన్నెలా పెట్టుకుని మళ్లీ పిలిచాడు. కొండ మళ్లీ పలికింది. అది పలకడం అయిపోయాక కూడా అందరూ అతనితో పాటు చెవులొగ్గి నిలబడ్డారు.