సింగయ్య బిగబట్టిన ఊపిరి

బాపట్ల దగ్గర సూర్యలంక ఒడ్డున సింగయ్య కోతలు మొదలుపెడితే సముద్రం అలలాపి వినేది. తలగుడ్డ విప్పి సొరచేపకు ముకుతాడు వేశాననేవాడు. దాని మీదెక్కి చీరాల వెళ్లి చీర కొన్నానంటే భార్య కోటిరత్నం కూడా నమ్మింది. చీర మాత్రం ఇంటికి రాలేదు.

అలాంటివాడు పందొమ్మిది వందల డెబ్బై రెండు ఎండాకాలంలో పడవ తిరగబడి, దాని కింద ఇరుక్కుని, చావు తప్పి బయటపడ్డాడు. అప్పటి నుంచి మోకాలి లోతు నీళ్లలో దిగితే చాలు, గుండె దడదడలాడి కళ్లు తిరిగేవి. ఊరికి మాత్రం నడుం నొప్పని చెప్పాడు. కోతలూ మానేశాడు. పడవ బావమరిది ముత్యాలరావుది. అతను రేపల్లె నుంచి వచ్చి తేల్చేశాడు.

"కార్తీక పున్నమి లోగా చుక్కాని పట్టకపోతే ఇంకొకణ్ణి పెట్టుకుంటా బావా. నీ నడుం కోసం చేపలు ఆగవు."

అసలు సంగతి కోటిరత్నానికి తెలుసు. ఎండుచేపలమ్మడానికి తెనాలి వెళ్లినప్పుడు, అక్కడ దశరథరామయ్య మాస్టారు బుద్ధుడి ధ్యానం నేర్పుతారని విని, మొగుణ్ణి బాపట్లలో రైలెక్కించింది.

మాస్టారు పంచశీలాలతో మొదలుపెట్టారు. ప్రాణం తీయకూడదన్న మాట దగ్గరే సింగయ్య లేచాడు.

"వెళ్లొస్తానండి. వలేస్తే వడియాలు పడవు కదండీ!"

మాస్టారు నవ్వారు. "అది చిన్న మాట కాదయ్యా. మోయగలిగినప్పుడు, మోయగలిగినంత ఎత్తుకో. ముందు నీ భయం సంగతి చూద్దాం. కళ్లు మూసుకుని ఊపిరిని గమనించు."

ఊపిరి పనిలో సింగయ్యకు సాటెవరు? నీళ్లడుగున చిక్కిన వల విడదీయడానికి మునిగేవాడిలా రొమ్ము నిండా పీల్చి బిగించాడు. మెడ నరాలు ఉబ్బాయి. మొహం వంకాయ రంగుకు తిరిగింది. మాస్టారి భార్య విజయమ్మ మజ్జిగ గ్లాసు వదిలేసి కేకేసింది.

"ఏమండీ! ఈయన పోతున్నాడు!"

మాస్టారు వీపు మీద చరిస్తే గానీ ఊపిరి వదల్లేదు.

"ఎంతసేపున్నానండి?" అన్నాడు గర్వంగా.

"పందెం కాదయ్యా ఇది! ఎందుకు బిగించావు?"

"మునిగేవాడికి ఊపిరితో ఇంకేం పనుందండీ?"

"ఇక్కడ నీళ్లు లేవు. వస్తే రానీ, పోతే పోనీ. ఊపిరైనా, భయమైనా, ఏదీ నిలవదు. ఊరికే చూడు."

చూశాడు. ఊపిరి వచ్చింది, పోయింది. మధ్యలో రొయ్యల కూర గుర్తొచ్చింది, అదీ పోయింది. ఆ తర్వాత కూడా, కోర్టు పనంటూ తెనాలి వెళ్లి కూర్చునేవాడు.

కార్తీక పున్నమి నాటి పొద్దున పడవ కదిలింది. దాన్ని తోస్తూ నీళ్లలో దిగితే, మోకాలి లోతులోనే దడ పట్టుకుంది. అలవాటు కొద్దీ సింగయ్య ఊపిరిని చూడబోయాడు. చూద్దామంటే అది ఆడితేగా! తిరగబడ్డ పడవ కింద బిగించినట్టే, నీళ్లు తగిలిన ప్రతిసారీ బిగిస్తున్నాడన్నమాట. వదిలాడు, పొడవుగా, చప్పుడయ్యేలా. దడ కాసేపుండి, అలలాగే వెనక్కి పోయింది. కాళ్లు వాటంతటవే పడవెక్కాయి.

"ఏంటి బావా, ఆ చప్పుడు?" అన్నాడు ముత్యాలరావు.

"ఎండాకాలంలో బిగించిన ఊపిరిరా. ఇప్పుడొదిలా" అంటూ సింగయ్య చుక్కాని అందుకున్నాడు.

వలలో పడ్డ పిల్లచేపల్ని ఏరి నీళ్లలోకి వదిలాడు. అడిగితే, "ఇప్పటికి మోయగలిగింది ఇంతే" అన్నాడు. ఒడ్డుకొచ్చాక మాత్రం జనాన్ని పోగేశాడు.

"నేనొదిలిన ఊపిరికి తెరచాప నిండి, పడవ నిజాంపట్నం దాటేసిందనుకోండి!"

గంప దించుతున్న కోటిరత్నం కళ్లు తుడుచుకుని నవ్వింది.

"హమ్మయ్య, వచ్చేశాడు మా ఆయన."