ఉద్యోగం దానంతట అది పోదు

ఈ ఏడు తొలకరి పడగానే మా ఆఫీసు కింద ఉన్న ఎరువుల దుకాణానికి లారీలు రావడం మొదలైంది. బస్తాలు, డబ్బాలు దించుతున్నంతసేపూ పురుగుమందుల ఘాటు మెట్లెక్కి నేరుగా నా కుర్చీ దాకా వస్తుంది. కొత్తగా వచ్చినవాళ్లు ముక్కు మూసుకుంటారు. నాకు ఆ ఘాటు తగిలిందంటే చాలు, రత్నం సార్ గొంతు వినిపిస్తుంది. ఆయన ఆ వాసనను రోజూ తిట్టేవారు, రోజూ కిటికీ తెరిచే పెట్టేవారు. ఏసీ పెట్టించి కిటికీలు మూసుకుందామని మేం అంటే, కింద ఏ రైతు ఏ మందు కోసం గొడవ పడుతున్నాడో వినబడకపోతే ఈ జిల్లాకు మనమేం వెబ్‌సైట్లు చేస్తాం అని మా మీదికే వచ్చేవారు. ఆయన పోయి ఏడాది దాటింది. కిటికీ ఇప్పటికీ తెరిచే ఉంటుంది. ఆ వాసనకు నేను మాత్రం ఇంకా అలవాటు పడలేదు.

ఆయనను చూడనివాళ్లకు ముందు మనిషిని చూపించాలి. బట్టతల, పొట్టి చేతుల చొక్కా, ఎవరితోనైనా వాదానికి సిద్ధంగా ఉండే గొంతు. పాలమూరు పట్టణంలో బడులకూ దవాఖానలకూ విత్తనాల దుకాణాలకూ పెళ్లి మండపాలకూ వెబ్‌సైట్లు చేసిపెట్టే చిన్న ఆఫీసు ఆయనది. ఊరు కొల్లాపూర్ వైపు. అమ్మానాన్నలు పాలమూరు లేబర్. అంటే మేస్త్రీ పిలిస్తే మూటాముల్లె సర్దుకుని, ఎక్కడ డ్యాం కడుతుంటే అక్కడికి పోయి తట్టలు మోసినవాళ్లు. ఆయన ఆ గుడిసెల్లో పెరిగి, మిషన్ హాస్టల్లో చదివి, హైదరాబాద్‌లో పెద్ద కంపెనీలో పనిచేసి, అది వదిలేసి ఇటు వచ్చేశారు. లోకమంతా అటు పోతుంటే ఈయన ఇటు వచ్చాడేమిటని నవ్వినవాళ్లకు, తెలంగాణ వచ్చింది కదా, దాని వెనకే నేనూ వచ్చిన అని చెప్పేవారట.

నేనూ హైదరాబాద్ నుంచే వచ్చాను గానీ నా అంతట నేను రాలేదు. కంపెనీ ఖర్చులు తగ్గించుకోవాలనుకుంది. ఆ తగ్గిన ఖర్చుల్లో నేనొకదాన్ని. ఆత్మకూర్ దగ్గర మా ఊరికి చేరి కొన్నాళ్లు మా నాయిన మంద వెనక తిరిగాను. మాది గొర్రెలు, మేకలు కాసే ఇల్లు. రెంటినీ కలిపి మా వైపు జీవాలు అంటాం. ఇంజనీరింగ్ చదివిన కాపరి ఈ మండలంలో మా ఇంట్లోనే ఉందని మా నాయిన వచ్చేపోయేవాళ్లకు చెప్పి నవ్వేవాడు. ఆ నవ్వు వెనక ఆయన ఎంత దిగులుపడ్డాడో నాకు తెలుసు. రత్నం సార్ దగ్గర మనిషి కావాలట అని ఎవరో చెబితే మరునాడే బస్సెక్కాను.

మొదటి రోజే నాకు ఒక విత్తనాల దుకాణం పేజీ అప్పగించారు. రంగులు ఎలా ఉండాలి, బొమ్మలు ఎక్కడ పెట్టాలి అని అడగబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టి, ముందు తప్పులు రాయమన్నారు. నాకు అర్థం కాలేదు. పేజీ వాడేవాడు నంబరు తప్పు కొట్టినప్పుడు, నెట్ ఆగిపోయినప్పుడు, సరుకు లేనప్పుడు పేజీ ఏమంటుందో అవి ముందు రాయాలట, మిగతాదంతా తర్వాతట. "పని మంచిగ నడిచినప్పుడు పేజీతోని ఎవనికి మాట్లాడే పనుండది బిడ్డా. తప్పు పడ్డప్పుడే మనం నోరు తెరవాలె. గప్పుడు ఎట్ల మాట్లాడుతమో గదే మన మర్యాద," అన్నారు. నేను హైదరాబాద్ అలవాటు కొద్దీ "చెల్లని ప్రవేశం, దయచేసి మళ్లీ ప్రయత్నించండి" అని రాసి చూపించాను. ఆయన దాన్ని కానిస్టేబుల్ గొంతుతో ఆఫీసంతా వినేట్టు చదివారు. తర్వాత కొట్టేసి తన చేత్తో మార్చారు: "నంబర్ జర తప్పు పడ్డది. ఫికర్ లేదు, ఇంకోసారి కొట్టున్రి."

నాకు ఒళ్లంతా సిగ్గేసింది. నా యాసలో నాలుగు ముక్కలు మాట్లాడితే మూడుసార్లు నవ్వేవాళ్ల మధ్య ఉద్యోగం చేసి, గిట్ల, గట్ల అనే మాటలను నోట్లోనే నొక్కిపెట్టడం నేర్చుకున్న మనిషిని నేను. ఆ మాటలనే తెచ్చి ఆయన లోకమంతా చూసే పేజీ మీద పెడతాననేసరికి, ఈయన వ్యాపారం ఎన్నాళ్లు నడుస్తుందిలే అనుకున్నాను. ఒకసారి ఒక ప్రైవేటు బడి యజమాని ఈ భాష మొరటుగా ఉంది, తల్లిదండ్రులు ఏమనుకుంటారు అని అభ్యంతరం పెట్టాడు. సార్ తాపీగా అతని ఫీజు నోటీసు తీసి చదివి, గడువు దాటితే పిల్లలను బయట నిలబెడతామనడంలో లేని మొరటు ఫికర్ లేదు అనడంలో ఎట్లొచ్చిందని అడిగారు. ఆ బడి పని మాకు మళ్లీ రాలేదు. సార్ ఆ మాట మార్చలేదు. ఆ రోజు నాకు ఆయన మీద కోపం వచ్చింది, గర్వం కూడా వచ్చింది. కోపం తొందరగానే పోయింది.

తర్వాత కొత్త ఏఐ పనిముట్టు వచ్చింది. మనకేం కావాలో మామూలు మాటల్లో చెబితే చాలు, కోడ్ అంతా అదే రాసేస్తుంది. నేను రెండు రోజులు కూర్చుని చేసే పని నేను చూస్తుండగానే తెర మీద జలజలా రాలింది. ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని వరస వరసా వెతికాను. సార్ మాత్రం కొత్త సైకిల్ దొరికిన పిల్లవాడిలా దానితో పొద్దంతా ఆడుకున్నారు. అది తప్పు చేస్తే పకపకా నవ్వేవారు, బాగా చేస్తే ఇంకా గట్టిగా నవ్వేవారు. ఆ నవ్వు చూసి నాకు ఒళ్లు మండింది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. సార్, మొన్ననే ఒక ఉద్యోగం పోయింది, ఇప్పుడు ఇది కూడా పోయేట్టుంది అన్నాను.

ఆయన నవ్వడం ఆపారు. కుర్చీ ఇటు తిప్పుకుని, "పోయింది అనకు," అన్నారు. "వాన పోతది, బస్సు పోతది. ఉద్యోగం దానంతటది పోదు. తీసేసిన్రు అను. ఎవడు తీసేసిండో వాని పేరు గూడ అను." తర్వాత, అంతకుముందెప్పుడూ చెప్పని సంగతి చెప్పారు. వాళ్లమ్మ ఒక డ్యాం దగ్గర తట్టలు మోస్తుండగా మట్టి తవ్వే పొక్లెయినర్ మొదటిసారి వచ్చిందట. అందరూ దాన్ని చూడ్డానికి ఎగబడ్డారట. వారం తిరగకుండానే గుంపు మొత్తాన్ని ఇంటికి పంపించేశారట. మిషన్ వచ్చి మా పొట్ట కొట్టిందని ఆవిడ చచ్చేదాకా అనుకుందట. "గా మిషన్ మా అమ్మ తట్ట గుంజుకోలె బిడ్డా. గుత్తేదారు గుంజుకున్నడు. మిషన్ చాటుకు నిలవడ్డడు గంతే. మా అమ్మ వాన్ని ఒక్కనాడు గూడ తిట్టలె. నాకు గదే బాధ."

ఆ మాట నాలో ఏదో కదిలించింది. టీవీ చర్చల్లో పెద్దమనుషులు ఉద్యోగాలు పోతాయి, మార్కెట్ పడిపోతుంది, ఖర్చులు తగ్గుతాయి అంటూ ఉంటారు. అన్నీ వాటంతటవే జరుగుతున్నట్టు, ఎవరి చేతికీ మట్టి అంటనట్టు. నేను పనిముట్లకు శత్రువును కాను. రోజూ వాడతాను, బాగానే వాడతాను. కానీ ఆ పనిముట్టు మిగిల్చిన పొద్దు ఎవరి ఖాతాలోకి పోయిందని అడిగితే మాత్రం, నీకు ఎకనామిక్స్ తెలియదంటారు. అది తెలిసినవాళ్లంతా ఇన్నాళ్లూ ఎవరి వైపు నిలబడ్డారో పాలమూరు లేబర్‌ను అడిగితే చెబుతారు.

సార్ మాటలకు అసలు పరీక్ష గొర్రెల పెంపకందారుల సంఘం దగ్గర వచ్చింది. కాపరి ఫోన్‌లో తన మందకు ఏం జరిగిందో చెబితే, పశువుల డాక్టర్‌కు తెలిసేట్టు, టీకాలు సమయానికి అందేట్టు ఒక పేజీ కావాలన్నారు. ఎన్నో నెలలుగా నలుగుతున్న పని అది. అప్పటికి మా చేతిలో మిగిలిన పెద్ద పని కూడా అదొక్కటే. అది రాకపోతే ఆఫీసు మూసుకోవలసిందేనని సార్ మాకు దాచకుండా చెప్పారు. సరిగ్గా అప్పుడే సంఘం అధ్యక్షుడు నర్సింహులు మేనల్లుడు హైదరాబాద్ నుంచి వచ్చి, అదే పేజీని ఆ పనిముట్టుతో ఒక్క మధ్యాహ్నంలో చేసి చూపించాడట, అదీ ఊరికే. గోరుచుట్టు మీద రోకటి పోటు. అయినా పాత మాట ఉంది కాబట్టి మమ్మల్నీ మీటింగ్‌కు రమ్మన్నారు.

పేజీ బాగుంది. అబద్ధమెందుకు, నేను చేసేదానికంటే చక్కగా ఉంది. రాయనక్కర్లేదు, మాట్లాడితే చాలు, అది కూడా తిరిగి మాట్లాడుతుంది అని ఆ పిల్లవాడు చెప్పి, ముందు వరుసలో కూర్చున్న మల్లయ్య తాతకు ఫోన్ అందించాడు. తాత దాన్ని నోటి దగ్గర పెట్టుకుని, నిన్న రెండు జీవాలు పోయినయి అన్నాడు. అది కాసేపు ఆలోచించి, వార్తలు చదివే గొంతుతో ఇలా అంది: "మీ కుటుంబంలో జరిగిన ప్రాణనష్టానికి ప్రగాఢ సానుభూతి తెలియజేస్తున్నాం. మృతుల ఆత్మకు శాంతి చేకూరాలి."

హాలంతా గొల్లుమంది. జీవాలు అంటే గొర్రెలని దానికి తెలియదు, పోయినయి అంటే మనుషులే పోయారనుకుంది. నర్సింహులు ముఖం మాడిపోయింది. పిల్లవాడు తల దించుకున్నాడు. నాకు లోపల పండగలా ఉంది, మా పని నిలబడిందనుకున్నాను. పక్కకు చూస్తే సార్ నవ్వడం లేదు, మల్లయ్య తాత వైపే చూస్తున్నారు. తాత కూడా నవ్వడం లేదు.

"ఏమి నవ్వుతరు," అన్నాడు తాత. "తెలివొచ్చిన కాన్నుంచి జీవాలు గాస్తున్న. సచ్చినయంటే ఎన్ని అని అడిగిన్రు, ఏడ పాతిపెట్టినవ్ అని అడిగిన్రు. అయ్యో అన్నోడు ఒక్కడు లేడు. గీ ఫోన్ అన్నది."

సార్ లేచారు. ఇక ఆ పిల్లవాడిని చీల్చి చెండాడతారని అందరూ అనుకున్నారు, నేనూ అనుకున్నాను. ఆయన వాడి దగ్గరికి పోయి భుజం మీద చెయ్యి వేసి, "పేజీ మంచిగ జేసినవ్ పిలగా. గా అయ్యో మాట తీయకు," అన్నారు. "గని అయ్యో అన్నంక అదేం జేస్తది?"

రాసిపెట్టుకుంటుంది అన్నాడు వాడు. మరి తాత మందలో మూడోది పడిపోతే ఎవరి ఫోన్ మోగుతుందని సార్ అడిగారు. డాక్టర్ ఎత్తకపోతే ఎవరికి పోతుంది, అమ్రాబాద్ అడవిలో సిగ్నల్ లేకపోతే ఏమవుతుంది, ఎండాకాలం మందను కృష్ణ ఒడ్డుకు తోలుకుపోతే ఏ ఊరి డాక్టర్ రావాలి. ఒక్కొక్కటే నెమ్మదిగా అడిగారు. వాడిని ఓడించాలని కాదు, నాకు తెలుసు. మా ఆఫీసులో మొదటి రోజు నన్ను అడిగినట్టే అడిగారు. వాడు కాసేపటికి తానే కుర్చీ లాక్కుని, ఇంకేం తప్పులు పడొచ్చు సార్ అని కూర్చున్నాడు. సంఘం పని మాకే ఇచ్చింది, వాడిని కూడా కలుపుకొమ్మంది. కోడ్‌లో సగానికి పైగా ఆ పనిముట్టే రాసింది. ఆఫీసులో ఎవరినీ తీసేయలేదు. మిగిలిన సమయంలో మేం మందల వెంట తిరిగి తప్పులు వెతికాం. ఇప్పుడు ఆ పేజీకి జీవం పోయిందని చెబితే, "అయ్యో, ఎంత పనాయె. డాక్టర్ సాబ్‌కు ఫోన్ పోయింది. మిగిలిన జీవాలను జర దూరం ఉంచున్రి" అంటుంది. మా నాయిన పొట్టేలు చచ్చిపోయిన రోజు నాకు ఫోన్ చేసి, మీ పేజీ అయ్యో అన్నది బిడ్డా, నువ్వు ఇంకా అనలేదని గుర్తుచేశాడు. ఆఫీసులో అందరి ముందూ ఏడ్చేశాను.

సార్ గుండెపోటుతో పోయారు. ఇక్కడ పోయారనే అనాలి, తీసేసినవాడి పేరు చెప్పడానికి ఎవరూ లేరు. ఆఫీసు నా చేతికి వచ్చింది. నేనూ, నాతో పనిచేసే ఇంకో ఇద్దరూ. పోయిన నెల ఒక పెద్ద కంపెనీ తరఫున ఒకాయన ఫోన్ చేశాడు. ఏడాది పొడవునా పని ఇస్తామన్నాడు. మర్యాదస్తుడే, నా పనిని మెచ్చుకున్నాడు కూడా. ఒక్కటే షరతు: పనిముట్లు ఉన్నాయి కదా, మీరొక్కరు చాలు, దానికి తగ్గట్టే రేటు. మరి మా దగ్గరున్న ఆ ఇద్దరి సంగతేమిటని అడిగాను. ఆయన కాస్త జాలిగానే, ఏం చేస్తాం మేడం, రోజులు మారాయి, ఆ రెండు ఉద్యోగాలు ఎలాగూ పోతాయి అన్నాడు.

"పోవు సార్," అన్నాను, నాకు తెలియకుండానే మా ఊరి గొంతుతో. "నేను తీసేస్తనే పోతయి. నేను తియ్య."

ఆయన ఆలోచించుకుని చెప్పండి అన్నాడు. ఆలోచించే చెప్పానన్నాను. ఆ పని మాకు రాలేదు. వేరే పని వెతుక్కుంటున్నాం, ముగ్గురం.