సలోమి గొట్టం

మా ఆళ్లగడ్డ సలోమి కుందూ నదిని వేలెడంత గాజుగొట్టంలోంచి పారించింది. నమ్మనివాళ్లు నంద్యాల వచ్చి కుందూనే అడగండి. డిగ్రీ రెండో ఏడాదిలో పుస్తకాలకు దండం పెట్టి ఆటో పట్టుకున్నవాణ్ణి. చదువుకున్నవాళ్లలా తగ్గించి చెప్పడం నాకు రాదు.

సలోమి మా పిన్ని కూతురు. నంద్యాల కాలేజీలో రసాయనశాస్త్ర పరిశోధన చేస్తోంది. ఆమె తయారుచేసింది ఒక పొడి. స్పాంజిలా ఒళ్లంతా రంధ్రాలున్న ప్లాస్టిక్ రేణువులు, ఆ రంధ్రాల్లో కంటికి ఆనని పల్లాడియం అనే లోహపు నలుసులు. పొడిని గొట్టంలో నింపి పంపుతో మందునీళ్లు తోస్తే, ఈ కొసన పసుపుగా దూరినవి ఆ కొసన వేరే పదార్థంగా మారి తేటగా రావాలి. లోహం మాత్రం లోపలే ఉండాలి. కలిపి, వడగట్టి, మళ్లీ కలిపే బాధ ఉండదు. నీళ్లు పారినంతసేపూ పని జరుగుతూనే ఉంటుంది.

పంపు మాత్రం అరువుది. సాయంత్రం బస్సుకు తిరుపతి వెళ్లిపోవాలి. ఆలోగా గొట్టం పారకపోతే మూడేళ్ల పని అటకెక్కినట్టే. పంపును బస్టాండుకు చేర్చడానికి మధ్యాహ్నమే వాళ్ల ల్యాబుకు వెళ్లి కూర్చున్నాను.

పంపు మూలిగింది. చుక్క రాలేదు. ఒత్తిడి చూపే ముల్లు ఎర్రగీత దాటింది. పంపు ఆగిపోయింది.

“ఏం సలోమీ, నీళ్లు పోతాండాయా, మొక్కుకుంటాండాయా?”

“ఊరుకోన్నా.”

ఆమె గైడు పరంజ్యోతి మేడమ్ గొట్టాన్ని వెలుతురుకెత్తి చూశారు. “ఎట్ల నింపినావమ్మా?”

“పొడిపొడిగానే మేడమ్. పుల్లతో గట్టిగా కుక్కినా.”

నాకు నవ్వాగలేదు. వాళ్ల నాయన సుందరరాజు పరుపులు కుడతాడు. చిన్నప్పటినుంచీ దూది కుక్కిన సలోమి చేయి, సందు కనబడితే ఊరుకుంటుందా?

“పరుపు కుట్టినావు మే! మీ నాయన చూస్తే కూలిచ్చి పంపుతాడు.”

ఆమె నవ్వలేదు. “ఇది దూది కాదన్నా. తడిస్తే ఉబ్బుతాది. ఉబ్బేదానికి జాగా ఇయ్యల్యా నేను.”

పొడంతా గీకి తీసి, నీళ్లలో వేసింది. సగ్గుబియ్యంలా ఉబ్బేదాకా ఆగి, కుక్కకుండా, గొట్టంలోకి నిదానంగా పోసింది. పంపు తిరిగింది. పసుపు నీళ్లు దూరాయి. అవతల తేటనీళ్లు చుక్కచుక్కగా మొదలై ధార కట్టాయి. మేడమ్ వాటిని ఇంకో యంత్రంలో పెట్టి చూశారు. లోహం జాడ లేదు.

“పట్టినావు పోమ్మా!” అని మేడమ్ సలోమి వీపు చరిచారు. పంపును పెళ్లికొడుకులా ఆటోలో ఊరేగించి బస్సెక్కించాను.

నంద్యాల జనమంతా రోడ్డెక్కి ఈలలు వేశారని ఆళ్లగడ్డలో నేను చెబుతుంటే సలోమి అడ్డుపడింది.

“ఎవరూ రాల్యా. మేడమూ, నేనూ, ఈయన్నా ఉన్నాం. వచ్చింది అర లీటరు. కడదాకా పసుపు కనపడల్యా. అంతే.”