అరకు కొండ మీద నా పరుగు

నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది.

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. జగ్గయ్యపేట బట్టల కొట్ల వాళ్లు కొందరు కుటుంబాలతో అరకు వెళ్లారు. పొద్దున్నే గైడు వెంట కొండదారిలో పరుగు, తిరిగొచ్చాక కమ్మటి భోజనం. వంటకి నందిగామ నుంచి నన్ను తీసుకెళ్లారు. అప్పటికి నా భర్త పోయి రెండేళ్లు.

మొదటిరోజు అందరూ బూట్లు కట్టుకుని బయల్దేరుతుంటే, నేను మంచినీళ్ల బిందెతో వచ్చా. వాళ్లలో పెద్దావిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగవే! బయల్దేరేటప్పుడు ఎదురొస్తావేంటి? వీళ్లు కొండెక్కేదాకా లోపలే ఉండు."

అందరూ నావైపే చూశారు. సిగ్గుతో చచ్చిపోయా. నోరెత్తితే పని పోతుందని తెలుసు. అయినా బిందె దించేసా.

"నా చేతి కూడు పనికొచ్చింది, మొహం పనికిరాలేదా అమ్మగారూ? సరే, ఎదురు రాన్లెండి. మీతోపాటే వస్తా."

కుచ్చిళ్లు బొడ్లో దోపి, వట్టి కాళ్లతో గైడు వెనకే పరుగందుకున్నా.

"వంటెవరు చేస్తారే?" అని ఆవిడ అరుస్తూనే ఉంది.

రొప్పుతూ పైకి చేరి చూస్తే, నా వెనక ఇంకా పదిమంది ఎక్కుతున్నారు. ఆ రోజు ఒక్కరికీ కాలు కూడా బెణకలేదు. దిగొచ్చి నేనే వండా. గోంగూర పచ్చడి ఆవిడే రెండుసార్లు వేయించుకుంది.

మర్నాడు నన్ను లోపలికి పొమ్మనలేదు. అన్నా పోయేదాన్ని కాదు. మొగుడు పోయినందుకు ఏడుస్తా గానీ, దాక్కోను.