ఒళ్ళో పాప

కళ్ళు మూసుకుని వెనక్కి వాలండి, వెనకున్నవాళ్ళు పట్టుకుంటారు, అప్పుడే మనుషుల మీద నమ్మకం కుదురుతుంది అన్నారు గోదావరి ఒడ్డున జరిగిన ఆ వ్యక్తిత్వ వికాస శిబిరంలో. ఎంత ప్రయత్నించినా వాలలేకపోయాను. మిగతావాళ్ళ చప్పట్లు భరించలేక మధ్యలోనే బయటపడ్డాను.

నిడదవోలు రైల్వేస్టేషన్ వెయిటింగ్ రూములో కాలు నిలవక పచార్లు చేసి చేసి, చివరికి ఓ కుర్చీలో కూలబడ్డాను. పక్కనున్నావిడ వెంటనే నిద్రపోతున్న పసిపాపను నా ఒళ్ళో పెట్టేసింది.

"కాస్త చూస్తుండండి, పాలసీసా కడుక్కొస్తాను."

నా పేరు అడగలేదు. మొహమైనా సరిగా చూడలేదు.

అంతలో నా బండి వచ్చింది. పాప నా చూపుడువేలు పట్టుకుని నిద్రపోతోంది. బండి కదిలి వెళ్ళిపోయింది.

"అయ్యో, మీరెక్కాల్సింది అదేనా అండి?" అంటూ ఆవిడ పరుగున వచ్చి చేతులు చాచింది.

"ఇంకోటి ఉందిలెండి," అన్నాను. "పాపని ఇంకాసేపు ఉండనివ్వండి."